మొదటి ఏడాది టేపు కొలత చూసి డిస్కస్ త్రోయర్‌ని తీసెయ్యకండి: ఎంపిక కమిటీలకు బహిరంగ లేఖ

కళాశాలల అథ్లెటిక్స్ జట్లకు పేర్లు ఖరారు చేసే కమిటీ సభ్యులకు,

నమస్కారం.

నేను కాలేజీలో రెండేళ్లు డిస్కస్, అంటే పళ్లెంలా గుండ్రంగా ఉండే బరువు, విసిరాను. ఆ తర్వాత రెండేళ్లు విసిరే మనిషి పక్కన నిలబడ్డాను. ఈ ఉత్తరం రాయడానికి నాకున్న అర్హత అంతవరకే. కానీ మీరు ఏటా తయారుచేసే జాబితాలోకి ఒక పేరు ఎక్కితే ఏమవుతుందో, ఒక పేరు జారిపోతే ఏమవుతుందో రెండూ దగ్గర నుంచి చూశాను. ఎక్కిన పేరు నాది. జారిపోయింది నా స్నేహితురాలిది.

ఇద్దరం ఒకే వారంలో మొదలుపెట్టాం. అప్పటికి ఇద్దరికీ డిస్కస్ పట్టుకోవడం కూడా రాదు. కొత్తవాళ్లు దాన్ని ఎక్కడ జారిపోతుందోనని వేళ్లన్నీ బిగించి పట్టుకుంటారు. నిజానికి బిగించకూడదు. వేళ్ల చివరి కణుపుల మీద ఆనించుకోవాలి, అంతే. చెయ్యి తిరుగుతున్నంతసేపూ అది పడిపోదు, ఆ తిరిగే వేగమే దాన్ని వేళ్లకు ఒత్తి ఉంచుతుంది. ఈ మాట నమ్మడానికే మాకు రెండు వారాలు పట్టింది. తర్వాత నేల మీద దొర్లించడం నేర్పారు. విసరడం కాదు, దొర్లించడం. డిస్కస్ చేతిని వదిలేటప్పుడు చివరగా చూపుడు వేలి మీదుగా పోవాలి. అలా పోతేనే గాలిలో బొంగరంలా నిలకడగా తిరుగుతుంది. లేకపోతే రెపరెపలాడి దగ్గర్లోనే కూలబడుతుంది. చూసేవాళ్లకు అది పిల్లల ఆటలా ఉంటుంది. మాకు మాత్రం చూపుడు వేలి చర్మం చీలేదాకా అదే పని.

ఏడాది చివర సెలక్షన్ ట్రయల్స్ పెట్టారు. మనిషికి మూడు అటెంప్ట్‌లు. నేను మూడూ స్టాండింగ్ త్రో వేశాను. అంటే విసరడానికి గీసిన సర్కిల్ ముందు భాగంలో కాళ్లు ఎడంగా పెట్టి, నడుము మెలిపెట్టి, ఉన్నచోటి నుంచే విసరడం. మంచి త్రో 30 మీటర్ల 12 సెంటీమీటర్లు. నా స్నేహితురాలు మూడూ ఫుల్ టర్న్‌తో, అంటే ఒళ్లంతా చుట్టు తిరిగి, వేసింది. మొదటిది వేసి ఆపుకోలేక ముందుకు తూలి సర్కిల్ అంచుకున్న రిమ్ మీద కాలు పెట్టింది, ఫౌల్. రెండోది చేతిలోంచి తొందరగా వెళ్లిపోయి, సర్కిల్ చుట్టూ రక్షణకు కట్టే కేజ్ వలకు కొట్టుకుంది. మూడోది పడింది, 26 మీటర్ల చిల్లర. కమిటీ పేపర్ మీద రెండు అంకెలున్నాయి. పెద్ద అంకె పక్కన టిక్కు పెట్టారు. నన్ను తీసుకున్నారు.

పేపర్ మీద చూస్తే అందులో ఏ తప్పూ లేదు. ఆ రోజు నాకూ అలాగే అనిపించింది. తప్పు ఎక్కడుందో అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. మీకు అంత సమయం పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

డిస్కస్ సర్కిల్ వ్యాసం 2.5 మీటర్లు. ఆ కాస్త జాగాలో త్రోయర్ డిస్కస్ పడాల్సిన సెక్టార్‌కి వీపు పెట్టి మొదలై, ఒకటిన్నర చుట్టు తిరిగి, ముందు అంచు దగ్గర డిస్కస్‌ని వదలాలి. వదిలాక రిమ్ పైభాగాన్ని గానీ, బయట నేలను గానీ తాకకుండా ఆగాలి. డిస్కస్ నేల మీద పడేదాకా సర్కిల్ వదలకూడదు. ఆ తర్వాత కూడా వెనక సగంలోంచే బయటికి రావాలి. ఆ చుట్టు తిరగడానికి పట్టేది రెండు సెకన్ల లోపే. ఇంత కష్టం ఎందుకంటే, డిస్కస్ ఎంత దూరం పోతుందనేది అన్నిటికన్నా ఎక్కువగా చేతిని వదిలే క్షణంలో దాని వేగం మీదే ఆధారపడుతుంది. గాలిని లెక్కలోకి తీసుకోకుండా చూస్తే, వేగం పది శాతం పెరిగితే దూరం ఇంచుమించు ఇరవై శాతం పెరుగుతుంది. ఉన్నచోట నిలబడి విసిరితే డిస్కస్‌కి వేగం అందుకునే దారి తక్కువ. చుట్టు తిరిగి విసిరితే ఆ దారి చాలా పొడవవుతుంది.

అయితే ఆ చుట్టు వంటబట్టేలోపు మార్క్, అంటే టేపు చూపించే దూరం, పెరగదు, పడిపోతుంది. ఇదే మీరు గమనించాల్సింది. కుడిచేతి త్రోయర్ అయితే ముందు ఎడమ పాదం మీద తిరగాలి, కుడికాలు విశాలంగా చుట్టి వచ్చి సర్కిల్ మధ్యలో దిగాలి, అది దిగీదిగగానే ఎడమకాలు ముందు పడి గడకర్రలా నిలవాలి. ఎడమకాలు రెప్పపాటు ఆలస్యమైనా, అప్పటికే భుజం ముందుకొచ్చేస్తుంది, కాళ్ల బలమంతా నేలపాలవుతుంది. కొత్తవాళ్లకు నెలల తరబడి ఇలాగే జరుగుతుంది. నిలబడి 30 మీటర్లు వేసే అమ్మాయి చుట్టు తిరిగి 25 వేస్తుంది. దాన్ని మీరు బలహీనత అని రాసుకుంటున్నారు. అది నేర్చుకుంటున్న గుర్తు. ఆ రోజు ట్రయల్స్‌లో నేర్చుకుంటున్నది తను, నేర్చుకోవడం వాయిదా వేసింది నేను. టేపు మా ఇద్దరిలో నన్ను పైకి చూపించింది.

జట్టులో నుంచి పేరు పోతే కాలేజీలో ఏమేం పోతాయో మీకు తెలుసో లేదో. పోటీలొక్కటే కాదు. గ్రౌండ్ గేటు జట్టు సమయంలోనే తెరుస్తారు. వెయిట్ రూమ్ జట్టుకే. కోచ్ చూపు కూడా జట్టు మీదే. క్లాసులకు వెళ్లలేకపోయిన రోజుల అటెండెన్స్ సర్దుబాటు జట్టువాళ్లకే. ఒక్క టిక్కు పడకపోతే ఇవన్నీ ఒకేసారి మూసుకుపోతాయి. తీసేసినప్పుడు ఎందుకు తీసేశారో తనకు ఎవరూ ఒక మాట చెప్పలేదు. నోటీసు బోర్డులో పేరు లేదు, అంతే.

ఆ సాయంత్రం తను ఏడ్చింది. మర్నాడు ఒక తాడు ముక్క, ఒక చాక్ పీసు తెచ్చుకుంది. తాడును 1.25 మీటర్లకు కొలిచి, హాస్టల్ వెనక సిమెంటు నేల మీద ఒక చివర కాలితో తొక్కిపెట్టి, రెండో చివరకు చాక్ పీసు కట్టి వృత్తం గీసింది. సర్కిల్ తయారైంది. చేతిలో డిస్కస్ లేదు, ఒక పాత టవల్‌కి ముడి వేసి పట్టుకునేది. రోజుకు వంద టర్న్‌లు. వాన పడితే వృత్తం చెరిగిపోయేది, మళ్లీ గీసేది.

తనకో నోట్ బుక్ ఉండేది. నేనూ రాసేదాన్ని, అయితే నా పుస్తకంలో అన్నీ దూరాలే. తన పుస్తకంలో ఒక్క దూరం కూడా ఉండేది కాదు. "ఎడమ పాదం ఆలస్యం." "తల ముందే తిరిగింది." "కుడికాలు మధ్యకు రాలేదు, పక్కకు పోయింది." "ఈరోజు పదకొండు బాగున్నాయి." వందలో పదకొండు. ఆ వాక్యం నాకింకా గుర్తుంది. ఎందుకంటే అది రాసిన రోజు తను సంతోషంగా ఉంది.

డిస్కస్‌తో విసరాలంటే మాత్రం కేజ్ కావాలి. లోహపు అంచున్న కిలో బరువు మనిషికి తగిలితే ప్రాణం పోవచ్చు. అందుకని తను ఒంటరిగా ఎప్పుడూ విసరలేదు. సెలవు రోజుల్లో గేటు దగ్గర బతిమాలి తాళం తీయించుకునేవాళ్లం. నేను వెనక నిలబడి ఎవరూ అటు రాకుండా చూసేదాన్ని, తర్వాత ఏరి తెచ్చేదాన్ని. ఉన్నది ఒకే డిస్కస్ కాబట్టి ప్రతి త్రోకీ పోయి రావాలి. ఒక పూటకు ఇరవై ఐదు త్రోలు పడితే గొప్ప.

ఇక నా సంగతి. జాబితాలో పేరున్న మనిషికి ఏమవుతుందో కూడా మీరు వినాలి. 30 మీటర్లకు నన్ను తీసుకున్నారు కాబట్టి 30 మీటర్లు పోగొట్టుకోవడమంటే నాకు భయం పట్టుకుంది. ఫుల్ టర్న్ నేర్చుకుంటే కొన్ని నెలలు మార్క్ తగ్గుతుందని తెలుసు. ఆ నెలల్లోనే మళ్లీ ట్రయల్స్ వస్తే పేరు పోతుంది. ఆ టెన్షన్‌తో ప్రతి ట్రయల్స్‌కీ స్టాండింగ్ త్రోనే వేశాను. రెండో ఏడాది చివరికి నా మార్క్ 31.40. ఏడాదికి ఒక మీటరు పైచిలుకు. అక్కడితో అది ఆగిపోయింది, తర్వాత నేనూ ఆగిపోయాను. మార్క్ చూసి ఎంపిక చేసే పద్ధతి తననొక్కదాన్నే బయటపెట్టిందని ఇన్నాళ్లూ అనుకున్నారంతా. అది నన్ను లోపల పెట్టి ఎదగకుండా చేసింది.

రెండో ఏడాది ట్రయల్స్‌లో తను 33 వేసింది. నా కన్నా ఎక్కువే. అయినా మూడింటిలో రెండు ఫౌళ్లని "నిలకడ లేదు" అని రాసి మళ్లీ పక్కన పెట్టారు. ఈసారి ఏడవలేదు. "ఫౌల్ ఎందుకవుతుందో నాకు తెలిసిపోయింది, వాళ్లకు తెలీదు, అంతే కదా" అంది.

మూడో ఏడాది కొత్త కోచ్ వచ్చారు. ఆయన సెలవు రోజున ఏదో పని మీద గ్రౌండ్‌కి వచ్చి, కేజ్ బయట నిలబడి మూడు త్రోలు చూశారు. టేపు తీయలేదు. ఎంత వేశావని అడగలేదు. "ఈ టర్న్ ఎవరు నేర్పారమ్మా?" అని అడిగారు. ఎవరూ నేర్పలేదు సార్, అంది. ఆ సోమవారం నుంచి తనకు వెయిట్ రూమ్ తలుపు తెరుచుకుంది. స్క్వాట్లు, డెడ్‌లిఫ్టులు, పవర్ క్లీన్లు, మెడిసిన్ బాల్‌తో విసుర్లు. రెండేళ్లుగా పాదాలు నేర్చుకున్న పనికి ఇప్పుడు తొడల్లో, నడుములో బలం వచ్చి చేరింది. అటుపైన మార్క్ నెలనెలా కదిలింది: 35, 36, మళ్లీ 34, ఒక్కసారిగా 38. మధ్యలో భుజం నొప్పి వచ్చి ఆరు వారాలు చెయ్యి ఎత్తలేకపోయింది. ఆ ఆరు వారాలూ హాస్టల్ వెనక చాక్ వృత్తంలో పాదాల పని చేసింది.

ఇదంతా ఒక్క అమ్మాయి కథేనని మీరు అనుకోవచ్చు. ఈ ఆట చరిత్ర చూడండి. అమెరికా త్రోయర్ అల్ ఓర్టర్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచినప్పుడు ఇరవై ఏళ్ల కాలేజీ విద్యార్థి. అక్కడి నుంచి రోమ్, టోక్యో, మెక్సికో సిటీ, వరసగా నాలుగు ఒలింపిక్స్‌లో ఇదే ఆటలో గెలిచాడు. 1964 టోక్యోలో పోటీకి కొద్దిరోజుల ముందు పక్కటెముకల దగ్గర మృదులాస్థి చిరిగితే, ఆ నొప్పితోనే బరిలోకి దిగి అయిదో త్రోలో 61 మీటర్లు వేసి గెలిచాడు. మొదటి మూడు త్రోలతోనే మనిషిని తేల్చేసే పద్ధతి అక్కడ ఉంటే ఆ అయిదో త్రో ఉండేదే కాదు. చాలా పోటీల్లో మొదటి మూడు త్రోల తర్వాత ముందున్న ఎనిమిది మందికి ఇంకో మూడు ఇస్తారు. మన కాలేజీ ట్రయల్స్‌లో మూడే, ఆ మూడే ఏడాది మొత్తాన్ని తేల్చేస్తాయి.

అమెరికా త్రోయర్ వాలరీ ఆల్‌మన్ సంగతి ఇంకా దగ్గరది. టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లు రెండింటిలోనూ మహిళల డిస్కస్ బంగారం ఆమెదే. ఈ ఆటలోకి రాకముందు ఆమె డాన్సర్. కండలు చూసి ఎంచేవాళ్లు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి. చుట్టు తిరిగేటప్పుడు పాదం ఎక్కడ దిగుతుందో, ఒంటి బరువు ఏ కాలి మీద ఉందో తెలియడం ఈ ఆటకు ప్రాణం. అది టేపులో కనిపించదు, కంటికి కనిపిస్తుంది.

మగవాళ్ల డిస్కస్ 2 కిలోలు. యుర్గెన్ షుల్ట్ 1986లో నెలకొల్పిన 74.08 మీటర్ల ప్రపంచ రికార్డు దాదాపు ముప్పై ఎనిమిదేళ్లు నిలిచింది. దాన్ని 2024 ఏప్రిల్‌లో 74.35తో దాటిన మైకోలాస్ అలెక్నా అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ల యూనివర్సిటీ విద్యార్థి. మరుసటి ఏడాది దాన్నే 75.56కి పెంచాడు. తండ్రి విర్గిలియస్ అలెక్నా 2000, 2004 ఒలింపిక్స్ విజేత కాబట్టి ఆ అబ్బాయికి చిన్నప్పటి నుంచీ చూసి చెప్పే కళ్లు ఇంట్లోనే ఉన్నాయి. మన కాలేజీల్లోకి వచ్చే పిల్లలకు అలాంటి కళ్లు ఉండవు. వాళ్లకు ఉన్నది మీరే. పారిస్‌లో ఇదే అలెక్నా మూడు సెంటీమీటర్ల తేడాతో రోజె స్టోనాకు బంగారాన్ని వదులుకున్నాడు, 70.00కి 69.97. రికార్డున్న మనిషికే ఒక రోజు అలా పోతుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల ఒక మధ్యాహ్నం వేసిన మూడు త్రోలు ఏం చెబుతాయి?

చివరి ఏడాది పోటీల రోజు గురించి రాయకుండా ఉండలేను. మొదటి త్రో ఫౌల్. స్టాండ్స్‌లో మా కాలేజీవాళ్లు ఎవరో "మళ్లీ అదే" అన్నారు, నేను విన్నాను. రెండోది 41 దాటింది. మూడోది 42.08. ఎనిమిది మందిలో పడింది. నాలుగోది వలకు తగిలింది. అయిదో త్రోకి పేరు పిలిచాక తను సర్కిల్‌లోకి వెళ్లి నిలబడింది, కదల్లేదు. అటెంప్ట్‌కి ఒక నిమిషం గడువు. నా గుండె కొట్టుకుంటోంది, టైమర్ పోతోంది. తర్వాత అడిగితే గాలి కోసం ఆగానంది. ఎదురుగాలి డిస్కస్‌కి మేలు చేస్తుంది, సరైన కోణంలో వదిలితే కింది నుంచి పైకి ఎత్తిపడుతుంది. పరుగులో ఎదురుగాలి శత్రువు, ఇక్కడ స్నేహితురాలు. ఇదీ తన నోట్ బుక్‌లోదే: "గాలి కుడి ముందు నుంచి వస్తే ఆగి వెయ్యి." చెట్ల కొమ్మలు కదిలాయి, తను తిరిగింది. ఎడమకాలు దిగిన చప్పుడు నాకు కేజ్ బయటికి వినిపించింది. ఆ చప్పుడు సరైన సమయంలో పడితే ఎలా ఉంటుందో హాస్టల్ వెనక కొన్ని వేలసార్లు విన్నదాన్ని కాబట్టి, డిస్కస్ ఇంకా గాలిలో ఉండగానే నేను అరిచేశాను. 45.36. త్రో చెల్లిందని చూపే తెల్ల జెండా లేచేదాకా తను సర్కిల్ మధ్యలోనే నిలబడి, వెనక నుంచి నెమ్మదిగా నడిచి వచ్చింది.

సన్మానసభలో తనను తీర్చిదిద్దింది కాలేజీయేనని పెద్దలు చెప్పారు. తను ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ తాడు ముక్క గుర్తొచ్చింది.

అందుకని అడుగుతున్నాను. మొదటి ఏడాది త్రోయర్లను మార్క్ చూసి తీసెయ్యడం మానేయండి. పోటీలకు ఎవరిని పంపాలనేది మార్క్ చూసి తేల్చుకోండి, అందులో న్యాయం ఉంది. కానీ సాధన చేసే హక్కును ఆ జాబితాతో ముడిపెట్టకండి. పోటీ జట్టు వేరు, సాధన బృందం వేరు. గ్రౌండ్, కేజ్, వెయిట్ రూమ్ వేళలు సాధన బృందం మొత్తానికి ఇవ్వండి. త్రోలు వేసేటప్పుడు బాధ్యత తెలిసిన మనిషి ఒకరు ఉండాలని షరతు పెట్టండి, అది పెట్టి తీరాలి కూడా. ఒక డిస్కస్‌కి బదులు అయిదు ఉంటే అదే గంటలో సాధన ఎన్ని రెట్లవుతుందో ఏరి తెచ్చిన నాకు తెలుసు.

ట్రయల్స్ పేపర్‌లో అంకె పక్కన ఇంకో గడి గీయండి. స్టాండింగ్ త్రోనా, ఫుల్ టర్నా? ఫౌల్ అయితే ఎందుకైంది? ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా తిప్పి చూస్తే అయిదు నిమిషాల పని. ఫుల్ టర్న్‌తో 26 వేసిన పిల్ల, నిలబడి 30 వేసిన పిల్ల కన్నా ముందుందని ఆ గడిలో రాసుకునే వీలుంటుంది. నాలాంటివాళ్లకు కూడా ఒక మాట చెప్పండి: ఈ ఏడాది నీ మార్క్ తగ్గినా నీ చోటు ఎక్కడికీ పోదు, వెళ్లి టర్న్ నేర్చుకో అని. ఆ మాట ఎవరైనా నాకు చెప్పి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఎవరినైనా తీసెయ్యక తప్పకపోతే పిలిచి కూర్చోబెట్టి కారణం చెప్పండి. నోటీసు బోర్డుకు ఆ పని అప్పగించకండి.

ఈసారి ట్రయల్స్‌లో మూడింటిలో రెండు ఫౌళ్లు చేసి, మూడోది దగ్గర్లో పడేసి, తల దించుకుని సర్కిల్ వెనక నుంచి నడిచిపోయే పిల్ల ఎవరో ఒకరు తప్పకుండా ఉంటారు. ఆమె పేరు కొట్టేసే ముందు వీడియో చూడండి. కేజ్ పక్కన ఫోన్ పట్టుకుని నిలబడటానికి మనిషి దొరకకపోతే నాకు కబురు పెట్టండి, వస్తాను. డిస్కస్‌లు కూడా ఏరి తెస్తాను.

ఇట్లు,
ఒక మాజీ త్రోయర్